గింజల కొట్టులో వంత

కొల్లాపూర్ పాత బజారు వెనక, గుర్రాల పాగా గోడలు కూలిపోయిన చోట, గింజల కొట్టు అని ఒక ఇల్లుంది. ఇల్లంటే మనుషులు కాపురమున్న ఇల్లు కాదు. సంస్థానం రోజుల్లో జొన్నలూ కందులూ పోసి తాళం వేసిన కొట్టు. గోడలు మూరెడు మందం, కిటికీ అన్నది పేరుకు కూడా లేదు. పగలు దాని అరుగు మీద మేకలు పడుకుంటాయి. పొద్దు వాలితే మేకలు కూడా లేచిపోతాయి.

దాని గురించి ఊరు చెప్పే మాట ఒక్కటే — ఆ కొట్టులో ఒంటరిగా నోరు విప్పకూడదు. విప్పితే... ఎవరో అందుకుంటారు.

ఎవరు, ఎందుకు అని అడిగితే ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. లోపల గింజలు మూలుగుతుంటే బయట తలుపు బాదుతూ ఆకలికి చచ్చినవాళ్లని కొందరంటారు. కావలివాడు లోపల నిద్రపోతుంటే చూసుకోకుండా తాళం వేశారని ఇంకొందరు. నాకు ఈ సంగతి చెప్పినాయన మాత్రం వాటన్నిటినీ చేత్తో పక్కకు నెట్టేశాడు. అవన్నీ పనీపాటా లేని దెయ్యాలట. అసలు దెయ్యం ఆ కొట్టులో కంప్యూటర్ పెట్టిన తర్వాతే వచ్చిందట.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కంప్యూటర్ పెట్టింది శోభ టీచరు. కోస్గి బడిలో సైన్సు చెప్పి రిటైరై, పుట్టిన ఊరని కొల్లాపూర్ వచ్చింది. ఊరికే కూర్చోలేని జబ్బు కొందరికి ఉంటుంది, ఆమెకు అది బాగా ముదిరింది. కృష్ణ ఒడ్డు పల్లెల్లో గొర్రెల కాపర్లు పాడే కథలన్నీ ముసలివాళ్లతో పాటే మట్టిలో కలుస్తున్నాయని ఆ కొట్టును కిరాయికి తీసుకుంది. ముందు గది గోడలకు పాత పరుపులూ బొంతలూ కొట్టించి, బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి పోకుండా చేసింది. వెనక గదిలో ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకున్న పాత పెద్ద కంప్యూటర్ తెచ్చి పెట్టింది. ముందు గదిలో పాడిన పాట వైరు వెంట వెళ్లి నేరుగా దాని డిస్కుల్లో పడుతుంది. చల్లటి జాగా, యంత్రానికి ఇంతకన్నా ఏం కావాలని మురిసిపోయింది. కొట్టు సంగతి ఊళ్లో ఎవరినీ ఆమె అడగలేదు. అడగందే ఊరూ చెప్పలేదు.

ఆ కథలు పాడేవాళ్లలో చివరికి మిగిలింది గాలయ్య, ఆయన తమ్ముడు పర్వతాలు. గాలయ్య కథకుడు, పర్వతాలు వంత. ఈ పద్ధతి ఎరగనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. కథకుడు చరణం వేస్తాడు. వంత దాని కొస పట్టుకుని "హోయ్... నా అన్నా..." అని అందుకుని తిప్పి పాడతాడు. వంత అందుకున్నాకే కథకుడు తర్వాతి చరణానికి అడుగు వేస్తాడు. గొర్రెల మందకు ముందొకడు, వెనకొకడు ఉన్నట్టే ఇదీ. వెనకవాడు కూతేస్తే గానీ ముందువాడు కదలడు.

మొదట అన్నదమ్ములిద్దరూ కలిసి కొండయ్య కథ పాడారు. అది చక్కగా రికార్డయింది. రెండోది, నీలమ్మ కథ, మొదలుపెట్టబోయే ముందు కరోనా రెండోసారి వచ్చింది. పర్వతాలును మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. నడుచుకుంటూ వెళ్లిన మనిషి, చుట్టిన మూటగా వచ్చాడు.

వంత లేని కథ కథే కాదని గాలయ్య ఏడాది పైగా నోరు విప్పలేదు. శోభ టీచరు మాత్రం వదల్లేదు, ఎందుకంటే నీలమ్మ కథ గాలయ్య ఇంటి కథ. కరువులో మందను తోలుకుని ఒంటరిగా కృష్ణ దాటిన పిల్ల కథ. అవతలి గట్టుకు చేరాక ఆమెకు ఏమైందో ఇప్పుడు గాలయ్యకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పోనీ మామూలు మాటల్లో చెప్పమంటే చెప్పలేడు. ఆయనకు పాట పాటగానే వస్తుంది. విడమరిచి చెప్పబోతే రెండో మాట దగ్గరే కాళ్లు తడబడతాయి.

చివరికి టీచరే ఉపాయం పన్నింది. రాత్రి బజారు మోత అణిగాక గాలయ్యను కూర్చోబెట్టి, ముందు కాసేపు కొండయ్య కథలోని వంత ముక్కలు పెట్టి తమ్ముడి గొంతు వినిపించేది. టీచరు తలుపు మూసి వెళ్లాక ఆ ఊపు మీద ఆయన ఒక్కడే నీలమ్మ కథ ఎత్తుకునేవాడు. చరణమూ తానే, వంతా తానే. అలా కొన్ని రాత్రుల్లో కథ చివరిదాకా పాడేశాడు.

టీచరు మర్నాడు మొదటి భాగం విని పొంగిపోయింది. చరణం... వంత... చరణం... వంత. ఎంత బాగా కుదిరిందో అనుకుంది. ఆ పాటలకు అలవాటుపడ్డ చెవి కదా! వంత వినపడితే, ఉండాల్సింది ఉన్నట్టే అనిపిస్తుంది.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున పప్పుకు తాలింపు వేస్తుంటే ఉన్నట్టుండి ఆమె చేయి ఆగిపోయింది.

ఆ వంత గొంతు... గాలయ్యది కాదు.

పర్వతాలు భార్య మల్లీశ్వరిని పిలిచి వినిపించింది. మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. మళ్లీ ఒకసారి పెట్టమంది. "మా ఇంటాయనే టీచరమ్మా," అంది మెల్లగా. "గట్ల ముక్కుతోని గుంజేది ఆయనొక్కడే."

సాయంత్రానికి ఊరు ఊరంతా అదే మాట. కొట్టు ఇన్నాళ్లకు మనిషిని పట్టుకుందన్నారు. మల్లీశ్వరి యంత్రానికి బొట్టు పెట్టి దీపం ముట్టించింది. వెనక గదిలోకి పోవడానికి ఊడ్చే ఆమె కూడా ఒప్పుకోలేదు. జంకనివాడు గాలయ్య ఒక్కడే. పొద్దుగూకగానే వచ్చి, తమ్ముడి గొంతు విని, గొంగడి దులుపుకుని వెళ్లిపోయేవాడు. కథ చివర్లో మాత్రం ఒక వింత ఉంది. నీలమ్మ నడి ఏట్లో ఉండగా గాలయ్య గొంతు పూర్తిగా ఆగిపోతుంది. అక్కడి నుంచి పర్వతాలు గొంతే సాగుతుంది, అదీ నీలమ్మ కథ కాదు, కొండయ్య కథలోని తునకలు. దానికీ గాలయ్య దగ్గర జవాబుంది. చచ్చినోడికి యాది చక్కగుండదట.

టీచరు సైన్సు మనిషి. భయపడుతూనే సునీల్‌కు ఫోను చేసింది.

సునీల్ కోస్గిలో ఆమె దగ్గర చదువుకున్నవాడు. నాయిన లింగస్వామి మార్కెట్లో హమాలీ, తల్లి జానమ్మ చర్చి చూసుకునేది. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో పని. కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి పెత్తనం చేసే దాన్ని కెర్నల్ అంటారు, అందులో డిస్కుల సంగతి చూసే భాగాన్ని బాగుచేయడం అతని కొలువు. దెయ్యాల మాటెత్తితే జానమ్మ ఊరుకోదు. జానమ్మంటే సునీల్‌కు భయం. అందుకని తనకూ దెయ్యాల మీద నమ్మకం లేదని చెప్పుకునేవాడు.

అతన్ని బస్సెక్కించింది దెయ్యం కాదు. టీచరు చివర్లో చెప్పిన మాట. గాలయ్య గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు డాక్టర్లు మాట పుట్టే చోటునే కోసి తీసేయాలన్నారు. బతుకుతాడు, పాట మాత్రం ఉండదు. ఆపరేషను వచ్చే వారమే.

"ఆ కథ కొస బతికియ్యి సునీల్," అంది టీచరు. "మల్ల పాడించే రోజు లేదు."

*

మొదటి రాత్రి సునీల్ వెనక గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఒకటే బల్బు. గోడల్లోంచి పాత జొన్నల వాసన. యంత్రం ఫ్యాను సన్నగా మూలుగుతోంది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నీలమ్మ కథ పెట్టాడు.

గాలయ్య గొంతు... ఎండిన నేల మీద నడిచినట్టున్న గొంతు. నీళ్లలో కాలు పెట్టిన పిల్ల, వెనక్కి తిరిగి చూసే గొర్రెలు. చరణం ముగిసింది.

"హోయ్... నా అన్నా..."

సునీల్ చటుక్కున పక్కకు తిరిగి చూశాడు. ఆ గొంతు ఈ గదిదే అన్నట్టుంది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. మళ్లీ అదే. హెడ్‌ఫోన్ తీసేశాడు.

"వచ్చిండా?"

వెనక నుంచి... గుసగుస.

సునీల్ కుర్చీ మీంచి దాదాపు కింద పడ్డాడు. తలుపు దగ్గర చీకట్లో నల్లటి ఆకారం ఒకటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. గొంగడి కదిలింది. లోపల ముసలి మొహం. గాలయ్య. గడ్డ వల్ల గొంతు పెగలక ఆయన మాటంతా గాలిలాగే వస్తుంది.

సునీల్ ఆయన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టాడు. ముసలాయన కళ్లు మూసుకుని వింటూ, వంత వచ్చిన చోటల్లా తల ఊపాడు. పక్కన కూర్చున్న మనిషి మాటకు ఊపినట్టు ఊపాడు. లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"బిడ్డా... నువ్వు మిషిను బాగు జేస్తే... వాడు మల్ల రాడా?"

ముందు చూద్దాం తాతా, అన్నాడు సునీల్.

తర్వాతి రెండు రోజులు అతను చేయని పని లేదు. వైర్లు మార్చాడు. పాత డిస్కు పక్కనే కొత్త డిస్కు తగిలించాడు. కొత్త డిస్కులో కొత్తగా రికార్డు చేసి చూశాడు. కొత్త డిస్కులోనూ పర్వతాలు వచ్చాడు! అందులో పాతది ఒక్క అక్షరం కూడా లేదు. ఆ రాత్రి జానమ్మ ఫోను చేసి తిన్నావా అని అడిగితే, ప్రార్థన చెయ్యమ్మా అన్నాడు. ఎన్నడూ లేంది కొడుకు నోటి నుంచి ఆ మాట విని ఆమె కంగారు పడింది.

మూడో రాత్రి ఆఖరి ప్రయత్నంగా మైకు ముందు తానే కూర్చుని, బడిపిల్లాడిలా ఒకటీ రెండూ మూడూ అని చదివాడు. గది ఖాళీ. తలుపు మూసే ఉంది. చదివింది వెనక్కి పెట్టి విన్నాడు.

ఐదు... ఆరు... ఏడు...

"నా అన్నా..."

తొమ్మిది...

సునీల్ హెడ్‌ఫోన్ పీకేశాడు. లేచి బయటికి పరుగెత్తబోయాడు. రెండడుగులు వేసి, అక్కడే నిలబడిపోయాడు.

ఎనిమిది ఏదీ?

తాను ఎనిమిది చదివాడు. గొంతు ఎక్కడా ఆగలేదు. కానీ డిస్కులో ఎనిమిది లేదు. దెయ్యం రెండు అంకెల మధ్యన దూరలేదు. ఎనిమిది ఉండాల్సిన చోట కూర్చుంది.

అక్కడి నుంచి తెల్లవారేదాకా అతను కెర్నల్ లోపలే ఉన్నాడు. డిస్కులోకి పాటను చేరవేసే డిస్కు కార్డును నడిపే భాగాన్ని వరస వరసా చదివాడు. కోడి కూసే వేళకు దెయ్యం దొరికింది.

ఆ సంగతి అతనికి వాళ్ల నాయిన పని చేసే మార్కెట్ రూపంలోనే అర్థమైంది. డిస్కు కార్డు ఒక పొట్టి హమాలీ. పాతకాలం కార్డు కాబట్టి మెమరీలో కింది వరసలే దానికి అందుతాయి. పై వరసల్లో సరుకుంటే కెర్నల్ దాన్ని కిందికి దించి ఒక చిన్న ప్లాట్‌ఫారం మీద పెట్టాలి. కంప్యూటర్ వాళ్లు ఆ ప్లాట్‌ఫారాన్ని బఫర్ అంటారు. హమాలీ అక్కడి నుంచి ఎత్తి డిస్కులో వేస్తుంది. యంత్రంలో మెమరీ తక్కువున్నన్నాళ్లూ అంతా కింది వరసే, ఏ బాధా లేదు. నీలమ్మ కథ మొదలుపెట్టే ముందు టీచరు యంత్రం నెమ్మదిగా ఉందని ప్రేమగా ఇంకో మెమరీ ముక్క కొని వేయించింది. అప్పుడు పై వరసలు పుట్టాయి. పాట వేగంగా వచ్చిపడుతుంటే చిన్న ప్లాట్‌ఫారం నిండిపోయేది. నిండితే హమాలీ మీద మేస్త్రీ, అంటే కెర్నల్, 'జర ఆగు' అనాలి. ఈ మేస్త్రీ జాగా దొరికిందా లేదా అని చూడకుండానే 'ఎత్తు' అనేవాడు. హమాలీకి గింజలతో పని లేదు. ఆ జాగాలో ఏ బస్తా ఉంటే ఆ బస్తా ఎత్తేది.

ఏ బస్తా ఉంది అక్కడ? ఊపు రావడానికని ప్రతి రాత్రీ ముందు వినిపించిన కొండయ్య కథ. అది డిస్కులోంచి బయటికి వచ్చింది కూడా ఆ ప్లాట్‌ఫారం మీదుగానే. ఎవరూ ఊడ్వని జాగాలో పర్వతాలు గొంతు ముక్కలు ముక్కలుగా మిగిలిపోయింది. పోల్చి చూద్దామని సునీల్ కూడా రికార్డు చేసే ముందు ప్రతిసారీ పాత డిస్కులోంచి అవే ముక్కలు విన్నాడు, రాత్రి అంకెలు చదివే ముందు కూడా.

అతను పెద్దగా నవ్వాడు. ఆ కొట్టులో అలా ఎవరూ నవ్వి ఉండరు. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

పర్వతాలు పలికిన చోటల్లా గాలయ్య లేడు.

వంత అనుకుని అందరూ మురిసిన ప్రతి చోటా ఒక చరణమో, చరణంలో ఒక ముక్కో పోయింది. ఒక్కో చరణం తిప్పి రెండుసార్లు పాడాడు కాబట్టి మధ్యలో పోయినవి ఏరి అతికించవచ్చు. చివర అలా కాదు. నడి ఏటి నుంచి కథ ముగిసేదాకా మొత్తం పోయింది. పోయిందనడం కూడా సరికాదు. ముందు ఉండి తర్వాత పోతే వెతకొచ్చు. ఆ పాట డిస్కు దాకా ఎన్నడూ చేరనే లేదు. ఆ రాత్రే మెమరీలో పుట్టి మెమరీలోనే చచ్చిపోయింది. టీచరు తీసి పెట్టుకున్న నకళ్లన్నీ ఈ చచ్చిన దానికి నకళ్లే.

దెయ్యమే అయితే బాగుండేదని సునీల్‌కు అనిపించింది.

*

పొద్దున అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. టీచరు వింటూ వింటూ రెండు చేతులతో తల పట్టుకుంది. నేనే చేశానా సునీల్ అని అడిగింది, అతను మాట మార్చాడు. గాలయ్యకు మెమరీ, కార్డు అంటే ఏం తెలుస్తుంది? అందుకని సునీల్ తనకు చేతనైనంత తేలిక చేశాడు.

"నీ పాట కూసోవాల్సిన జాగాల తమ్ముని పాట కూసున్నది తాతా. ఒక్క జాగాల ఇద్దరు పట్టరు. నీది పోయింది."

గాలయ్య మేకల వంక చూశాడు.

"నేను... వాని జాగ గూడ నేనే పాడిన," అన్నాడు.

సునీల్‌కు రాత్రంతా నిద్ర లేదు. ముసలాయన బాధలో ఏదో అంటున్నాడనుకున్నాడు. అవును తాతా, అన్నాడు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే అని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడట.

గాలయ్య లేచి నిలబడ్డాడు. కొస మళ్లీ పాడతానన్నాడు. మల్లీశ్వరి అడ్డం పడింది. గొంతు వాడితే గడ్డ పగిలి నెత్తురొస్తుందని డాక్టరు చెప్పాడు, మరుసటి తెల్లవారుజామునే బండి. ఆయన చేయెత్తి ఆమెను ఆపాడు. ఎట్లాగూ కోసి పారేసే గొంతే కదా, దాన్ని దాచుకుని ఏం చేసుకుంటానన్నాడు. మల్లీశ్వరి పక్కకు తప్పుకుంది.

ఆ పగలు సునీల్ ఎన్నడూ చేయనంత జాగ్రత్తగా పని చేశాడు. కొత్త మెమరీ ముక్క పీకేశాడు. జాగా దొరక్కపోతే ఆగి తీరాలని మేస్త్రీకి నేర్పాడు. ప్లాట్‌ఫారం మీద పాత గింజ ఒక్కటి కూడా మిగలకుండా ప్రతిసారీ ఊడ్చేలా చేశాడు. అంకెలు చదివి చూశాడు. మళ్లీ చదివాడు. ఎనిమిది ఎనిమిది దగ్గరే ఉంది. అన్నీ ఉన్నాయి. పర్వతాలు లేడు.

రాత్రికి టీచరు అలవాటు కొద్దీ కొండయ్య కథ కాసేపు వినిపిద్దామా అంది. అది వినందే ఆయనకు ఊపు రాదు కదా అంది.

"వద్దు మేడం," అన్నాడు సునీల్. "ఇంక ఆ గొంతు ఈ మిషిను దగ్గరికి రావొద్దు."

గాలయ్య ఒకే ఒక్క షరతు పెట్టాడు. గదిలో ఎవరూ ఉండకూడదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరూ వినకూడదు. కాపరి కథ కొసను అలా పాడటం వాళ్ల ఇంటి ఆచారమేమో అనుకున్నారు. టీచరు మైకు సరిచేసి, పక్కన గోరువెచ్చటి నీళ్ల చెంబు పెట్టి తలుపు మూసింది. ఆమె, మల్లీశ్వరి అరుగు మీద కూర్చున్నారు. సునీల్ వెనక గదిలో తెర ముందు కూర్చున్నాడు.

పరుపులు కొట్టిన గోడల్లోంచి చప్పుడు రాదు. తెర మీద మాత్రం పని కనపడుతోంది. ఫైలు పెరుగుతోంది... పెరుగుతోంది. కెర్నల్ ఒక్క ఫిర్యాదు చేయలేదు. కార్డు ఒక్కచోట తడబడలేదు. వచ్చింది వచ్చినట్టు డిస్కులో పడుతోంది. రాత్రి గడిచేకొద్దీ సునీల్‌కు ధైర్యం వచ్చింది. ముసలాయన ఎంత పాడుతున్నాడో, ఎక్కడ దాచుకున్నాడో ఇంత గొంతు అనుకున్నాడు. నీలమ్మ ఏరు దాటి ఉంటుంది ఈపాటికి. ఆ సంతోషంలో టీ తాగడం కూడా మరిచాడు.

బండి వచ్చి హారన్ కొట్టాక తలుపు తెరుచుకుంది. గాలయ్య గోడ పట్టుకుని వచ్చాడు. తువ్వాలు అంచున నెత్తురు. టీచరు ఆయన చేతులు రెండూ పట్టుకుంది. ఆయన ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి, గాలి కూడా రాలేదు. సునీల్ మొహంలోకి కాసేపు చూసి బండెక్కాడు. టీచరూ మల్లీశ్వరీ చెరో పక్కన కూర్చున్నారు. బండి కల్వకుర్తి తోవ పట్టింది.

సునీల్ లోపలికి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

గాలయ్య గొంతు. పగిలిపోయి ఉంది, అయినా మాట మాటా తెలుస్తోంది. నీలమ్మ నడి ఏట్లో ఉంది, నీళ్లు నడుము దాకా వచ్చాయి, ముందు నడిచే గొర్రె తల ఎత్తింది... చరణం ముగిసింది.

తర్వాత ఏమీ లేదు.

ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాడు సునీల్. నీళ్లు తాగుతున్నాడనుకున్నాడు. ఎదురుచూశాడు. చాలాసేపటికి మళ్లీ గొంతు వచ్చింది.

అదే చరణం.

మళ్లీ నిశ్శబ్దం.

సునీల్ ముందుకు జరిపాడు. అదే చరణం, ఇంకొంచెం పగిలి. నిశ్శబ్దం. ఇంకా ముందుకు జరిపాడు. సగం చరణం... నిశ్శబ్దం. ఇంకా ముందుకు. ఒక్క మాట. దగ్గు. నిశ్శబ్దం, నిశ్శబ్దం. పాట పడినా నిశ్శబ్దం పడినా డిస్కులో ఫైలు ఒకేలా పెరుగుతుంది. రాత్రంతా తాను చూసి సంతోషించింది దీన్ని.

దాదాపు చివర్లో, మైకుకు బాగా దగ్గరగా, గాలి లాంటి గొంతు.

"తమ్మీ... గీసారి నీ జాగ నీకే ఇడిసిన. అడ్డం వస్తలేను. అందుకోరా..."

ఆ తర్వాత ముసలాయన ఊపిరి వినపడింది. వస్తూ, పోతూ. ఎదురుచూసే మనిషి ఊపిరి. వంత అందుకోనిదే కథకుడు ముందుకు పోడు. పోలేదు. బండి హారన్ మోగేదాకా అలాగే కూర్చున్నాడు.

సునీల్ తల యంత్రం మీద ఆనించాడు. ఫోను మోగింది. టీచరు. వెనక బండి చప్పుడు.

"సునీల్, గాలయ్యన్న ఆపకుంట చేతితోని అడుగుతనే ఉన్నడు. నాకు సమజైతలేదు. మల్లీశ్వరి చెప్తాంది... మిషినుల వచ్చిండా అని అడుగుతుండట. ఏం జెప్పాలె?"

సునీల్ తెర వంక చూశాడు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. పడిన ప్రతి ఊపిరీ పడిన చోటే ఉంది. మొదటి రాత్రి తలుపు దగ్గర ఆగి, మిషిను బాగు జేస్తే వాడు మల్ల రాడా అని ముసలాయన అడిగింది గుర్తొచ్చింది.

"మిషిను బాగైంది మేడం," అన్నాడు. "అట్లనే చెప్పండి."

టీచరు ఆ మాట గట్టిగా, సంతోషంగా గాలయ్యకు చెప్పడం ఫోనులో వినపడింది. ఆ తర్వాత చాలాసేపు బండి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.